టీబీ నయమైన తరువాత కువైట్ వెళ్లడానికి రెండు లక్షలు కావాలి: ఎవరిని, ఎలా అడగాలి?

ప్రశ్న
తీరంగట్టు (అల్లూరు మండలం, నెల్లూరు జిల్లా)

అందరికీ నమస్కారం. నా వయస్సు 36 సంవత్సరాలు. ఇంటర్ వరకు చదివాను. పదేళ్లపాటు ఇతరుల రొయ్యల గుంటల మీద మేత చూసుకునే పని చేసి, 2023లో ధైర్యం చేసి మూడు ఎకరాల గుంటలు సొంతంగా కౌలుకు తీసుకున్నాను. మొదటి పంట ఫరవాలేదనిపించింది. రెండవ పంటకు నలభై రోజులు నిండకుండానే తెల్లమచ్చ వైరస్ తెగులు తగిలి, గుంట మొత్తానికి బ్లీచింగ్ చల్లి వదిలేయవలసి వచ్చింది. ఆ నష్టం పూడ్చుకుందామని మేత అప్పు మీద మూడవ పంట వేసిన రోజుల్లోనే నాకు దగ్గు మొదలయింది.

రాత్రిళ్లు గట్టు మీద చలిగాలికి పడుకోవడం వల్ల వచ్చిన దగ్గే అనుకొని, ఒక ప్రైవేటు ఆసుపత్రిలో రెండు నెలలు తిరిగి, పరీక్షలకూ ఇంజెక్షన్లకూ కలిపి 70 వేల రూపాయల దాకా ఖర్చు పెట్టాను. చివరకు నెల్లూరు ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లె పరీక్ష చేసి టీబీ అని తేల్చారు. అది 2024 డిసెంబరు. ఆరు నెలల మందులు ఉచితంగానే ఇచ్చారు, ఒక్క రోజు కూడా మానకుండా వాడాను, 2025 జూన్‌లో నయమైందని కాగితం ఇచ్చారు. ఈలోగా 64 కిలోల మనిషిని 47కు దిగిపోయాను. గుంటలను మా బావమరిది చూశాడు కానీ, రాత్రి నీటిలోకి గాలి పంపే ఏరియేటర్లలో ఏది ఎప్పుడు ఆగుతుందో కనిపెట్టి ఉండడం అనుభవం లేనివాడికి సాధ్యం కాదు. వంద కౌంట్‌లోనే, అంటే కిలోకు వంద తూగే చిన్న రొయ్యగానే, పట్టుబడి చేసి అమ్మేశాము.

ఇప్పుడు మేత డీలరుకు 3,20,000 రూపాయలు, ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన 2,00,000, నా భార్య నగలు బ్యాంకులో పెట్టి తెచ్చిన 1,10,000, మొత్తం 6,30,000 బాకీ ఉన్నాను. ఆరోగ్యం కుదుటపడ్డాక మళ్లీ గుంటలు వేద్దామనుకుంటే, 2025 ఆగస్టులో అమెరికా సుంకాలు 50 శాతానికి పెంచి రొయ్య ధర పడిపోవడంతో మేత అరువు ఇచ్చేవారే లేకపోయారు.

మా అక్క భర్త, అంటే మా బావ, కువైట్‌లో ఫర్వానియా ప్రాంతంలో డ్రైవరుగా ఉన్నారు. ఆయనకు తెలిసిన మనిషి ద్వారా ఆజాద్ వీసా వస్తుందని, వీసాకు 1,80,000, టికెట్టు తదితరాలకు 20 వేలు అవుతాయని చెప్పారు. అక్క తన గాజులు తాకట్టు పెట్టి 40,000 ఇచ్చింది. ఇక్కడి మధ్యవర్తి నా పాస్‌పోర్టు తీసుకొని, ఈ నెలలోగా 50,000 బయానా కడితేనే పేరు ఖాయమవుతుందని అంటున్నాడు.

నేను అడగదలచుకున్నవి ఇవి. నా ఆసుపత్రి కాగితాలు పెట్టి సాయం చేయమని నలుగురినీ బహిరంగంగా కోరవచ్చునా? జబ్బుపడి లేచినవారు విదేశానికి పనికి వెళ్లడానికి ప్రభుత్వం నుంచి ఏదైనా సాయం ఉందా? ఎప్పుడూ ఎవరి ముందూ చేయి చాచనివాణ్ణి, అందువల్ల అడిగే పద్ధతి కూడా తెలియదు. తెలిసినవారు చెప్పగలరు.


సమాధానం 1
పాతకువైటీ (ఆత్మకూరు)

తమ్ముడూ, నేను 2006 నుంచి 2020 వరకు కువైట్‌లో ఉండి వచ్చినవాణ్ణి. మీరు డబ్బు ఎలా సమకూర్చుకోవాలని అడిగారు. ఆ మాటకు ముందు మరొక మాట ఉంది, దాన్ని మీ బావగారు కానీ ఆ మధ్యవర్తి కానీ మీతో ఎందుకు చెప్పలేదో నాకు అర్థం కావడం లేదు. మీరు మెడికల్‌లో నెగ్గుతారా లేదా అన్నది తేలకుండా ఒక్క రూపాయి కూడా కట్టకండి.

కువైట్, సౌదీ, ఎమిరేట్స్, ఖతార్, బహ్రెయిన్, ఒమన్, ఈ ఆరు దేశాలకూ పనికి వెళ్లేవారి ఆరోగ్య పరీక్షకు ఉమ్మడి నిబంధనలు ఉన్నాయి. పాతవాళ్లు దీన్ని గామ్కా మెడికల్ అనేవారు, ఇప్పుడు వాఫిద్ అనే ఆన్‌లైన్ వ్యవస్థ ద్వారా బుక్ చేసుకోవాలి. ఇతర దేశాల్లో సాధారణంగా జబ్బు ఇప్పుడు ఉన్నదా లేదా అని చూస్తారు. గల్ఫ్ మెడికల్‌లో అలా కాదు. ఛాతీ ఎక్స్‌రేలో పాత టీబీ మచ్చ కనిపించినా, అది పూర్తిగా మానిపోయినదే అయినా, అన్‌ఫిట్ అని రాస్తారు. మీ దగ్గర నయమైనట్లు ప్రభుత్వం ఇచ్చిన కాగితం ఉందని చూపినా ప్రయోజనం ఉండదు. ఇది న్యాయమా అని అడిగితే కాదనే నేనూ అంటాను, కానీ కౌంటర్ దగ్గర మన న్యాయం చెల్లదు.

ఇక్కడ ఎలాగో గట్టెక్కినా పని అయిపోదు. కువైట్‌లో దిగిన తరువాత అకామా, అంటే నివాస అనుమతి, కొట్టడానికి ముందు మళ్లీ రక్తం తీస్తారు, మళ్లీ ఎక్స్‌రే తీస్తారు. మా గదిలో ఉండవలసిన ఒక కుర్రవాడు, మన జిల్లావాడే, దిగిన మూడవ వారంలో ఆ రెండవ ఎక్స్‌రేలో మచ్చ బయటపడి తిరుగు విమానం ఎక్కాడు. అతని వీసా డబ్బులో ఒక్క దినారు కూడా వెనక్కి రాలేదు. అతనికి చిన్నప్పుడెప్పుడో జబ్బు చేసి తగ్గిందట, ఆ సంగతి తల్లికి గుర్తుంది కానీ అతనికి లేదు.

అందువల్ల మీరు చేయవలసిన మొదటి పని ఇది. వాఫిద్‌లో బుక్ చేయకండి. అక్కడ అన్‌ఫిట్ పడితే అది ఆ వ్యవస్థలో మీ పేరు మీద నమోదయిపోతుంది. ముందుగా మీకు వైద్యం చేసిన చోటనే మామూలు ఎక్స్‌రే తీయించుకొని, ఊపిరితిత్తుల డాక్టరుకు చూపించి, మచ్చ ఉన్నదా, ఉంటే ఏ మేరకు ఉన్నదో తెలుసుకోండి. రెండు మూడు వందలతో పోయే పనికి రెండు లక్షలు పణం పెట్టకూడదు. మధ్యవర్తి గనుక మెడికల్ సెట్టింగ్ చేయిస్తానని, అంటే ఇంకొకరి ఎక్స్‌రే మీ పేరు మీద పెట్టిస్తానని అంటే, అతని గడప తొక్కడం అక్కడితో మానేయండి.

రెండవది ఆజాద్ వీసా గురించి. ఆ పేరుతో కువైట్ ప్రభుత్వం ఇచ్చే వీసా ఏదీ లేదు. ఒక కఫీల్, అంటే అక్కడి స్పాన్సరు, తన పేరు మీద వీసా తీసి మనకు అమ్ముతాడు, మనం అతని దగ్గర పని చేయకుండా బయట ఎక్కడో పని వెతుక్కుంటాము, అకామా రెన్యువల్ వచ్చినప్పుడల్లా అతనికి మళ్లీ డబ్బు కడతాము. పట్టుబడితే మనమూ తప్పు చేసినవాళ్లమే అవుతాము. 2025 జనవరిలో అమలులోకి వచ్చిన అక్కడి కొత్త నివాస చట్టం వీసాల అమ్మకం మీద శిక్షలను ఇంకా కఠినం చేసింది. మీ బావగారు వెళ్లిన రోజుల్లో అది నడిచి ఉండవచ్చు, ఆయన మంచి కోరే చెప్పి ఉంటారు కూడా.


సమాధానం 2
కావలివాసి

ఇంత జబ్బు నుంచి లేచిన మనిషి యాభై డిగ్రీల ఎండలోకి వెళ్లడం ఎందుకు? కృష్ణపట్నం పోర్టు ఉంది, రొయ్య పిల్లల హేచరీలు ఉన్నాయి, మేత కంపెనీలు ఉన్నాయి. పదేళ్ల అనుభవం ఉన్నవారికి ఇక్కడే పని దొరుకుతుంది కదా.


తీరంగట్టు (ప్రశ్న అడిగినవారు)

కావలివాసి గారూ, దొరుకుతుంది, కాదనను. హేచరీలో నెలకు 18,000 ఇస్తామన్నారు. నోటు వడ్డీ 4,000, నగల వడ్డీ, ఇంటి ఖర్చు, పాప బడి పోగా అసలుకు జమ చేయడానికి మిగిలేది ఎంతో మీరే లెక్క వేయండి. కువైట్ మాట ఎత్తింది దేశం చూద్దామన్న సరదాతో కాదు.

పాతకువైటీ గారూ, మచ్చ సంగతి నాకు నిజంగా తెలియదు. బావకు ఫోన్ చేసి అడిగితే, తగ్గిపోయిన జబ్బుకు ఏమవుతుందిలే అన్నారు. రేపు నెల్లూరు వెళ్లి ఎక్స్‌రే తీయించుకుంటాను.


సమాధానం 3
జమాఖర్చు (ఒంగోలు)

నేను సహకార బ్యాంకులో ముప్పై ఏళ్లు గుమాస్తాగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. ఎక్స్‌రే విషయంలో పాతకువైటీ గారు చెప్పినదానికి నేను చేర్చవలసింది లేదు. మీరు అడిగిన డబ్బు సంగతి మాత్రం చెబుతాను, ఎందుకంటే ఈ దారి మూసుకుపోయినా మీకు మరొక అవసరం వచ్చినప్పుడు ఇది పనికివస్తుంది.

మొదట బహిరంగంగా సాయం కోరడం గురించి. కోరడంలో తప్పు లేదు. అయితే ఆసుపత్రి కాగితాలు పెట్టి అడిగితే చదివినవారు మీరింకా వైద్యంలో ఉన్నారనుకొనే డబ్బు పంపుతారు. మీ వైద్యం పూర్తయింది, మీకు కావలసింది వీసా డబ్బు. ఒక కారణం చూపి తీసుకొని మరొకదానికి ఖర్చు పెట్టారన్న మాట పడితే, రేపు నిజంగా వైద్యానికి అవసరం వచ్చినా మీ ఊరిలో ఎవరూ నమ్మరు. అడగదలిస్తే జబ్బు తగ్గిందని, అప్పు ఇంత ఉందని, ఈ పనికి ఇంత కావాలని ఉన్నది ఉన్నట్టు రాయండి. అలా రాస్తే వచ్చే మొత్తం తగ్గుతుంది, అది నిజమే.

వచ్చిన డబ్బు లెక్క ఎలా ఉంటుందో కూడా తెలిసి ఉండాలి. బంధువులు కానివారి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో వచ్చిన సొమ్ము 50,000 రూపాయలు దాటితే, దాటినంత మాత్రమే కాకుండా మొత్తం సొమ్మును ఆదాయంగా చూడాలని ఆదాయపు పన్ను చట్టం చెబుతుంది. మీ ఆదాయానికి పన్ను పడే స్థితి రాదు కానీ, ఎవరు ఎంత పంపారో రాసి పెట్టుకోవడం మంచిది. బంధువు అనే మాటకు కూడా చట్టానికి తనదైన అర్థం ఉంది. అక్క ఇచ్చినా, ఆమె భర్త ఇచ్చినా, మేనమామ ఇచ్చినా ఆ లెక్కలోకి రాదు, మేనమామ కొడుకు ఇస్తే వస్తుంది. మన ఇళ్లలో మేనమామ కొడుకు ఎంత దగ్గరివాడో చట్టం రాసినవారికి తెలిసినట్లు లేదు.

ప్రభుత్వ సాయం సంగతికి వస్తే, ముఖ్యమంత్రి సహాయ నిధి వైద్య ఖర్చులకు. మీరు ప్రైవేటు ఆసుపత్రిలో పెట్టిన 70 వేలకు అసలు బిల్లులు ఉంటే ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా దరఖాస్తు పెట్టి చూడవచ్చు, ఆలస్యమైందని తిప్పి పంపితే పంపుతారు. ముద్ర రుణం వ్యాపారానికి, టికెట్టుకు ఇవ్వరు. నాకు తెలిసినంతలో విదేశంలో పనికి వెళ్లే మనిషికి దారి ఖర్చులు చేతికిచ్చే పథకం ఏదీ లేదు. రాష్ట్ర ప్రభుత్వానికి ఓంక్యాప్ అనే సంస్థ ఉంది, అది డబ్బు ఇవ్వదు కానీ విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపుతుంది.

ఇక 1,80,000 అన్న అంకె. కేంద్ర ప్రభుత్వపు లైసెన్సు ఉన్న రిక్రూటింగ్ ఏజెంటు పనికి వెళ్లేవారి దగ్గర తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 35,400. దానికి రసీదు ఇచ్చి తీరాలి. ఆ ఏజెంటుకు లైసెన్సు ఉన్నదో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడవచ్చు. లేకపోతే 1983 నాటి వలసల చట్టం ప్రకారం అతను చేస్తున్నదే నేరం.

చివరగా వడ్డీ. మీకు తక్కువపడిన 1,60,000 కూడా రెండు రూపాయలకే దొరికిందనుకుందాము. నెలకు 3,200. పాత నోటు వడ్డీ 4,000 కలిపితే 7,200. కువైట్‌లో ప్రైవేటు రంగానికి చట్టం పెట్టిన కనీస వేతనం నెలకు 75 దినార్లు. దినారుకు 270 రూపాయలు వేసుకున్నా 20,250. గది అద్దె, తిండి, కఫీల్‌కు కట్టేది అందులోనే పోవాలి. ఎక్కువ జీతం వస్తుందని బావగారు చెప్పి ఉండవచ్చు, కానీ అప్పు తీసుకునేటప్పుడు లెక్క ఎప్పుడూ కనీసం మీదనే వేయాలి.

మీ భార్య డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ తీసుకుందామన్న ఆలోచన తప్పక వస్తుంది. బ్యాంకులు సంఘానికి 3 లక్షల వరకు 7 శాతం వార్షిక వడ్డీకే ఇస్తున్నాయి, చవకే. కానీ అది సంఘానికి ఇచ్చే అప్పు. మీరు మూడు వారాలకు తిరిగివస్తే ఆ కంతు మిగిలిన తొమ్మిది మంది ఆడవారి నెత్తిన పడుతుంది. నోటు బాకీ తీర్చి వడ్డీ తగ్గించుకోవడానికి తీసుకుంటే తీసుకోండి, వీసాకు మాత్రం వద్దు.


సమాధానం 4
టంగుటూరు సిస్టర్

నేను ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును, టీబీ రోగులతో పని చేస్తాను. మీరు ఒక్క రోజు కూడా మానకుండా మందులు వాడానని రాశారు, అది చదివి సంతోషం వేసింది. రెండు నెలలకు దగ్గు తగ్గగానే మందులు పక్కన పెట్టి, ఏడాదికి మళ్లీ వచ్చేవారిని మేము రోజూ చూస్తుంటాము.

మచ్చ గురించి భయం పెట్టుకోకండి. గాయం మానిన చోట చర్మం మీద గుర్తు మిగిలినట్లే ఊపిరితిత్తిలోనూ మిగులుతుంది, చాలామందికి అది జీవితాంతం ఎక్స్‌రేలో కనిపిస్తూనే ఉంటుంది. కళ్లె పరీక్షలో క్రిమి లేకపోతే మీ నుంచి ఎవరికీ అంటదు. మెడికల్‌లో అన్‌ఫిట్ అన్న మాట వచ్చినంత మాత్రాన మీరు రోగి అని అర్థం కాదు. ఈ తేడా తెలియక, గల్ఫ్ మెడికల్‌లో తప్పినవారిని ఊరివాళ్లు మళ్లీ కంచం వేరు పెట్టి దూరంగా కూర్చోబెట్టిన ఇళ్లు నేను చూశాను. మీ ఇంట్లో అటువంటి మాట వస్తే ఆశా కార్యకర్తను పిలిపించి చెప్పించండి.

అడగవలసిన మరొక విషయం ఉంది. మందులు వాడినంత కాలం పోషకాహారానికి నెలకు 1,000 రూపాయల చొప్పున, ఆరు నెలలకు 6,000, రెండు విడతలుగా మీ బ్యాంకు ఖాతాకు రావాలి. 2024 నవంబరు నుంచి ఆ మొత్తాన్ని 500 నుంచి 1,000కి పెంచారు, మీకు డిసెంబరులో జబ్బు నిర్ధారణ అయింది కాబట్టి పెంచిన మొత్తమే వర్తిస్తుంది. ఖాతా నంబరు తప్పు పడడం వల్లనో, ఆధార్ జతకాకపోవడం వల్లనో చాలామందికి రెండవ విడత ఆగిపోతుంది. పాస్‌బుక్ పట్టుకొని మీకు మందులు ఇచ్చిన కేంద్రానికి వెళ్లి అడగండి. ఆరు వేలు మీ అప్పు ముందు చిన్న అంకె అని తెలుసు, కానీ అది మీది, ఎవరినీ చేయి చాచి అడగనక్కరలేనిది.

బరువు 64 నుంచి 47కు పడిపోయిన శరీరం పూర్తిగా కోలుకోవడానికి మందుల తరువాత కూడా సమయం పడుతుంది. మెట్లు ఎక్కినప్పుడు ఆయాసం వస్తున్నదా? వస్తుంటే ఎక్స్‌రేతోపాటు శ్వాస సామర్థ్య పరీక్ష కూడా చేయమని డాక్టరును అడగండి. పని కువైట్‌లో అయినా గట్టు మీద అయినా ఆ సంగతి తెలిసి ఉండాలి.


తీరంగట్టు (ప్రశ్న అడిగినవారు)

ఎక్స్‌రే తీయించాను. కుడివైపు పైభాగంలో మానిన మచ్చ, దాని చుట్టూ గీతలు స్పష్టంగా ఉన్నాయని, కళ్లె పరీక్షలో ఏమీ లేదని, గల్ఫ్ మెడికల్‌కు మాత్రం ఇది పనికిరాదని డాక్టరు చెప్పారు. ఆయన దగ్గరకు ఇదే పని మీద వచ్చినవారిలో నేను ఆ వారంలో మూడవవాణ్ణట. శ్వాస పరీక్ష వచ్చే వారం.

సంగతి చెప్పగానే మధ్యవర్తి, పాతకువైటీ గారు ముందే రాసినట్లు, మరో 25 వేలు ఇస్తే మెడికల్ తను చూసుకుంటానన్నాడు. నేను ఒప్పుకోలేదు. అప్పుడు ఇంకొక దారి చెప్పాడు. నా భార్యకు ఇంటిపని వీసా, అంటే ఖాదిమ్ వీసా, ఉచితంగా ఇప్పిస్తాడట, పైగా ఎదురు 30 వేలు ఇస్తాడట. ఆమె వయస్సు 29, తొమ్మిదవ తరగతి వరకు చదివింది. విజిట్ వీసా మీద ముందు దుబాయి పంపి అక్కడి నుంచి కువైట్ మార్పిస్తానంటున్నాడు. ఆమె వెళతానంటోంది. నేను రాత్రంతా నిద్రపోలేదు. పాపకు ఆరేళ్లు. దీని గురించి తెలిసిన ఆడవారు ఎవరైనా ఉంటే చెప్పండి.


సమాధానం 5
ఉదయగిరి అక్క

తమ్ముడూ, నేను పదకొండేళ్లు ఖాదిమ్ వీసా మీద కువైట్‌లో రెండు ఇళ్లలో పని చేశాను. మొదటి ఇల్లు నరకం, రెండవ ఇల్లు మంచిది. రెండవ ఇంటి డబ్బుతోనే నా ఇద్దరు పిల్లలను చదివించుకున్నాను. కాబట్టి ఆడవారు వెళ్లకూడదని నేను చెప్పను, మీ భార్య వెళతానన్నందుకు మీరు సిగ్గుపడవలసిన పని కూడా లేదు. నేను చెప్పేది ఆ మనిషి చూపిన దారి గురించి.

పది పాస్ కాని వారి పాస్‌పోర్టుకు ఈసీఆర్, అంటే వెళ్లే ముందు ప్రభుత్వపు వలస అనుమతి కావాలి, అని ఉంటుంది. అటువంటి పాస్‌పోర్టు ఉన్న ఆడమనిషి ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లాలంటే 30 ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన. 30 నిండినా, 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెంట్ల ద్వారా పంపడానికి లేదు, ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలి. జమాఖర్చు గారు చెప్పిన ఓంక్యాప్ అటువంటిదే. మీ మధ్యవర్తి దుబాయి విజిట్ వీసా అనడం ఈ రెండు అడ్డులూ తప్పించడానికే. అలా వెళ్లిన మనిషి మన ప్రభుత్వపు ఏ లెక్కలోనూ ఉండదు. బీమా ఉండదు, ఒప్పందం కాగితం ఉండదు, ఏ ఇంట్లో దిగిందో తెలియదు. ఇంటిపనివారికి ఎదురు డబ్బు ఇస్తున్నాడంటే ఆ డబ్బు ఎక్కడి నుంచి వస్తున్నదో ఆలోచించండి. అక్కడి ఆఫీసు ఒక ఇంటికి మనిషిని ఇచ్చి వసూలు చేసే సొమ్ములో నుంచి వస్తుంది. ఆ ఇంటివాళ్లు మేము ఇంత పోసి కొన్నామన్న భావంతోనే చూస్తారు. నా మొదటి ఇల్లు అటువంటిదే. ఇల్లు విడిచి ఎంబసీకి వెళ్లిన రోజున నా చేతిలో పాస్‌పోర్టు లేదు, మెడలో తాళిబొట్టు తప్ప ఒక్క వస్తువు లేదు.

కువైట్‌లో ఇంటిపనివారికి 2015లో చేసిన చట్టం ఉంది. రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదు, వారానికి ఒక రోజు సెలవు ఇవ్వాలి, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు, పని మానేటప్పుడు సంవత్సరానికి ఒక నెల జీతం చొప్పున ఇవ్వాలి. కనీస జీతం 60 దినార్లు. ఇవన్నీ కాగితం మీద సరిగా వెళ్లినవారు అడగగలిగినవి. తలుపు లోపలి సంగతి ఇంటిని బట్టి ఉంటుంది.

మీ ఇంటి పరిస్థితి మీకంటే నాకు ఎక్కువ తెలియదు. కానీ కొన్ని అడుగుతాను. మీకు మళ్లీ ఆయాసం వచ్చి పడుకుంటే పాపను ఎవరు చూస్తారు? నేను వెళ్లిన మొదటి రెండేళ్లలో ఒక్కసారి కూడా ఇంటికి రాలేదు. మా చిన్నది నన్ను చూసి అమ్మమ్మ వెనుక దాక్కుంది, అది నేను ఇప్పటికీ మరవలేదు. ఆమె 30 నిండిన తరువాత, మీ ఆరోగ్యం నిలదొక్కుకున్నాక, ఓంక్యాప్ వాళ్లనే నేరుగా అడిగి వెళతానంటే అప్పుడు నాకు రాయమనండి. అక్కడి మాటలు, వంట, ఏ ప్రశ్నకు ఏమని సమాధానం చెప్పాలో ఆమెకు నేను చెబుతాను. ఇప్పుడు మాత్రం ఆమె పాస్‌పోర్టు ఆ మనిషి చేతికి ఇవ్వకండి. మీది ఇంకా అతని దగ్గరే ఉన్నదా?


పాతకువైటీ (ఆత్మకూరు)

అక్క అడిగిన చివరి మాట ముఖ్యం. పాస్‌పోర్టు భారత ప్రభుత్వపు ఆస్తి, మధ్యవర్తి తన దగ్గర ఉంచుకోవడానికి అతనికి ఏ హక్కూ లేదు. ఇవ్వకపోతే ఒంటరిగా కాకుండా ఊరి పెద్దమనిషి ఒకరిని వెంట తీసుకొని వెళ్లండి. అప్పటికీ ఇవ్వకపోతే పోలీసు స్టేషనులో కాగితం పెట్టండి. డబ్బు అడిగితే ఇవ్వవద్దు.


తీరంగట్టు (ప్రశ్న అడిగినవారు)

అందరికీ కృతజ్ఞతలు. మా మేనమామనూ, సర్పంచిగా చేసిన ఆయననూ తీసుకొని వెళ్లాను. మొదట ఖర్చులకని 5,000 అడిగాడు. సర్పంచి గారు, అయితే ఆ ఐదు వేలకు నీ లైసెన్సు నంబరు వేసి రసీదు రాయి అన్నారు. అతను లోపలికి వెళ్లి పాస్‌పోర్టు తెచ్చి బల్ల మీద పెట్టాడు.

అక్క డబ్బు 40,000 కదల్చలేదు, రేపు తీసుకువెళ్లి గాజులు విడిపిస్తాను. బావ రెండు రోజులు మాట్లాడలేదు, నిన్న ఫోన్ చేసి, తన గదిలోని మరొకరికి కూడా పాత మచ్చ సంగతి ఉన్నదేమో అడగమంటావా అన్నారు. మేత డీలరుతో మాట్లాడాను. హేచరీలో చేరితే జీతంలో నుంచి నెలకు 5,000 తీసుకోవడానికి ఒప్పుకున్నాడు, వడ్డీ సంగతి మాత్రం ఇంకా తేల్చలేదు. నా భార్య సంఘం సమావేశం పదిహేనవ తేదీన ఉంది, నోటు బాకీకి సరిపడా అడుగుతానంటోంది. పోషకాహారం డబ్బులో రెండవ విడత 3,000 నిజంగానే పడలేదు. ఖాతా నంబరులో ఒక అంకె తప్పుగా ఎక్కించారట, దిద్ది పంపారు.